లిఫ్ట్ చేశాక వణుకు, టక్ టక్ శబ్దం, వంకరగా నిలిచే స్టీరింగ్: ఏది ముందు చూడాలి?

మీరు రాసింది ఇదీ. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు ఉన్న పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి పంపే) బండికి 2.5 అంగుళాల లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే స్ప్రింగులు, పార్టులు) వేయించారు. 195/80 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 వేశారు. అప్పటినుంచి గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వణుకు. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకు రావడం లేదు, నేరుగా పోతున్నప్పుడు కూడా కుడికి వంగి ఉంటోంది. ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలుగుతోంది. స్పీడ్ బ్రేకర్ దాటితే టక్‌మంటోంది. మెకానిక్ హెవీ డ్యూటీ స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపులను మింగే షాక్) వేస్తే అన్నీ పోతాయన్నాడు.

ఆ డ్యాంపర్ ఇప్పుడే కొనకండి. నాదీ ఇదే తరహా బండి, ఎత్తు కూడా ఇంచుమించు ఇంతే. మీరు చెప్పినవాటిలో చాలావరకు నేనూ పడ్డాను. చివరికి కొత్త పార్టుల కన్నా టేపు, అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ గేజ్, ఒక సుద్దముక్క ఎక్కువ పని చేశాయి.

స్ప్రింగు పొడవు పెరిగితే చాసిస్ పైకి లేస్తుంది. యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే ఆర్మ్‌లు, రాడ్ల పొడవు పాతదే కాబట్టి అవన్నీ ముందుకన్నా ఏటవాలుగా అయిపోతాయి. అలా అవుతూ యాక్సిల్‌ను కొంచెం పక్కకు లాగుతాయి, కొంచెం తిప్పుతాయి. మీ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తున్నాయి. కాబట్టి వరుస ముఖ్యం. వెనక చేయాల్సింది ముందు చేస్తే, ముందు చేయాల్సింది చేశాక మళ్లీ మొదటికొస్తుంది.

మొదట బుష్‌లు, అంటే ఆర్మ్‌ల చివర కీళ్లలో ఉండే రబ్బరు దిమ్మలు. మీ కిట్ బిగించేటప్పుడు బండి వర్క్‌షాప్ లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో వేలాడుతూ ఉన్నాయా అని అడిగి కనుక్కోండి. అలా వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు ఫుల్‌గా బిగించేసి ఉంటే సగం గొడవ అక్కడే. కంపెనీ రబ్బరు బుష్‌లో లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌లో దిగి ఉంటుంది, మధ్య రబ్బరు రెంటికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ ఆ రబ్బరే మెలి తిరగాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. బండి ఉండాల్సిన దానికన్నా ఎత్తుగా, గట్టిగా ఉంటుంది, కొన్నాళ్లకు రబ్బరు చీలుతుంది. నా బండికి బిగించిన వర్క్‌షాప్‌లో అదే జరిగింది. టార్చి వేసి చూస్తే వెనక కింది ఆర్మ్ బుష్ అంచున రబ్బరు వాలుగా ముడతలు పడి, ముడతల మధ్య సన్నటి పగుళ్లు కనిపించాయి. నేల మీద నిలబెట్టి ఆ నట్టు వదులు చేయగానే టప్‌మని లోపలి గొట్టం తిరిగింది, ఆ మూల బాడీ కంటికి తెలిసేంత దిగింది.

మీరూ చక్రాల మీద బరువు ఉండగా, సమతలంగా ఉన్నచోట ఆర్మ్‌ల నట్లు, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా చాసిస్‌కు పట్టి ఉంచే అడ్డ రాడ్) నట్లు, షాక్ కింది బోల్టులు వదులు చేయండి. బండిని నాలుగు మూలలా బాగా ఊపండి. తర్వాత సర్వీస్ మాన్యువల్లో ఉన్న టార్క్‌కు బిగించండి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు, చక్రాలకు అడ్డు పెట్టకుండా అసలే వద్దు. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ దీని తర్వాత తీసే కొలతలే నిజమైన కొలతలు.

ఇక టక్ టక్. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? చక్రం కిందికి జారే క్షణంలో అయితే షాక్ పూర్తిగా సాగిపోయి చివర కొట్టుకుంటోందని అనుమానించండి. స్ప్రింగులు మాత్రమే మార్చి పాత పొడవు షాకులు ఉంచేస్తే ఇది మామూలే. ఎక్కేటప్పుడైతే బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలడమో, బంప్ స్టాప్ కన్నా ముందే షాక్ అడుగంటడమో చూడాలి. రెండోది ప్రమాదం, షాక్ లోపలే పాడైపోతుంది. రెండు వైపులా యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింకులు విప్పి మెల్లగా ఓ రౌండు వేయండి. శబ్దం పోతే లింకులే దొంగ, పొడవు లింకులు కావాలి.

శబ్దం ఏదైనా, అసలు లేకపోయినా పాన్‌హార్డ్ రాడ్ మాత్రం తప్పకుండా చూడండి. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజన్ ఆన్ చేసి, ఎవరినైనా కూర్చోబెట్టి స్టీరింగ్‌ను చిన్నగా, చకచకా కుడిఎడమలకు ఆడించమనండి. మీరు ముందు నుంచి రాడ్ రెండు చివరలనూ చూడండి. చాసిస్ చివర బ్రాకెట్‌కూ బోల్టుకూ మధ్య వెంట్రుక వాసి కదలిక కనిపించినా అది ఎక్కువే. బోల్టు తల చుట్టూ పెయింట్ అరిగి నెలవంకలా మెరుస్తుంటే బోల్టు లోపల జరుగుతోందని అర్థం. ఆలస్యం చేస్తే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, అప్పుడు ఎంత బిగించినా నిలవదు, సరైన కొలత మందపాటి వాషర్ వెల్డ్ చేయించాల్సి వస్తుంది.

అదే రాడ్ ఇంకో పని కూడా చేస్తుంది. బండి పైకి లేచిన కొద్దీ యాక్సిల్‌ను చాసిస్ బ్రాకెట్ ఉన్న వైపుకు లాగుతుంది. ఎంత? రాడ్ పొడవు 900 మిల్లీమీటర్లు, రెండు చివరల మధ్య ఎత్తు తేడా మొదట 100 అనుకోండి. 2.5 అంగుళాలు లేపితే ఆ తేడా 164 అవుతుంది. లెక్క కడితే యాక్సిల్ 9 మిల్లీమీటర్ల పైచిలుకు పక్కకు జరుగుతుంది. ముందు, వెనక రాడ్లు ఎదురెదురు వైపుల బిగించి ఉన్న బండ్లలో ముందు యాక్సిల్ ఒక పక్కకు, వెనకది ఇంకో పక్కకు పోయి వెనక నుంచి చూసేవాళ్లకు బండి పక్కవాటుగా పోతున్నట్టు ఉంటుంది. చాసిస్ నుంచి తాడుకు బరువు కట్టి వేలాడదీసి, రెండు వైపులా టైరు దాకా దూరం కొలవండి. పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్ వేస్తే ఇది తీరిపోతుంది. మీరు ఏదైనా పార్టు కొనాల్సి వస్తే నా ఓటు మొదట దీనికే.

స్టీరింగ్ కుడికి వంగి ఉండటం ఇదే కథకు రెండో భాగం. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ కూడా ఏటవాలైంది, అంటే దాని అడ్డ పొడవు తగ్గింది. అందుకే ముందు పాన్‌హార్డ్ సరిచేసి యాక్సిల్‌ను మధ్యకు తెచ్చాకే డ్రాగ్ లింక్ మీది సర్దుబాటు తిప్పి స్టీరింగ్‌ను నేరుగా పెట్టాలి. కొందరు స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒకటి రెండు పళ్లు జరిపి బిగిస్తారు. అలా చేయనివ్వొద్దు. స్టీరింగ్ బాక్స్ పళ్లు మధ్య స్థానంలోనే బిగుతుగా కలుస్తాయి, పక్కకు పోతే లూజు ఉంటుంది. వీల్ చూడ్డానికి నేరుగా ఉన్నా బాక్స్ మధ్యలో ఉండదు. ఈఎస్‌పీ లైటుకూ ఎక్కువగా ఇదే కారణం. స్టీరింగ్ తిరిగి ఉందని సెన్సార్ చెబుతోంది, బండేమో నేరుగా పోతోంది, కంప్యూటర్‌కు అది జారుడులా కనబడుతోంది. లింక్ సరిచేశాక స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను స్కానర్‌తో జీరో చేయించండి.

ఇంకొక్క మాట. డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రాడ్ ముందు నుంచి చూస్తే సమాంతరంగా కనబడాలి. ఎవరో చెప్పారని డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను కదిపే ఆర్మ్, కిందికి వంచినది) మాత్రమే వేస్తే ఆ సమాంతరం పోతుంది, ప్రతి గుంతకూ స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది.

స్టీరింగ్ మధ్యకు రాకపోవడం కాస్టర్ తగ్గడం వల్ల. కాస్టర్ అంటే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలిన కోణం. ముందు ఆర్మ్‌లు యాక్సిల్ నుంచి వెనక్కి పోయి చాసిస్‌కు తగులుకుంటాయి కదా. చాసిస్ లేచేసరికి వాటి వెనక చివర లేచింది, వాటితో పాటు యాక్సిల్ ముందుకు దొర్లింది. టోపీ అంచు కళ్ల మీదికి వాలినట్టు కింగ్‌పిన్ పైభాగం ముందుకు వాలింది. అలైన్‌మెంట్ చేయించినప్పుడు వాళ్లు మామూలుగా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) సరిచేసి, అయిపోయిందండీ అంటారు. షీట్ అడిగి తీసుకుని కాస్టర్ అంకె చూడండి, కంపెనీ చెప్పిన అంకెతో పోల్చండి. దీన్ని ఆఫ్‌సెట్ బుష్‌లతోనో, కోణం మార్చిన ఆర్మ్‌లతోనో, డ్రాప్ బ్రాకెట్లతోనో వెనక్కి తేవచ్చు.

మెలిక ఎక్కడుందంటే, ముందు యాక్సిల్‌లో కింగ్‌పిన్, డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) రెండూ ఒకే హౌసింగ్‌లో ఉన్నాయి. కాస్టర్ పెంచడానికి యాక్సిల్‌ను వెనక్కి దొర్లిస్తే పినియన్ ముక్కు కిందికి దిగుతుంది. ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసేమో పైన ఉంది. అంటే అక్కడినుంచి యాక్సిల్‌కు శక్తి తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ (షాఫ్ట్ చివర వంగే కీలు) కోణం ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ బాగుచేసుకుంటే వణుకు వస్తుంది, వణుకు తగ్గించుకుంటే స్టీరింగ్ తేలిపోతుంది. డ్రాప్ బ్రాకెట్ వేసినా యాక్సిల్ తిరగడం తిరగడమే, ఈ బేరం తప్పదు. 2.5 అంగుళాల ఎత్తులో పోయిన కాస్టర్ మొత్తం వెనక్కి తేవాలని నేను పట్టుబట్టలేదు. స్టీరింగ్ తనంతట తాను తిరిగి వచ్చేంత తెచ్చి అక్కడ ఆగాను.

ఇప్పుడు వణుకు. ముందు అది ఎక్కడిదో లెక్కతోనే సగం తేల్చొచ్చు. మీ కొత్త టైరు వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.3 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు పదిసార్ల లోపే తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 38 సార్ల పైన తిరుగుతుంది. క్రాస్ జాయింట్ కోణం తప్పితే ఒక్కో చుట్టుకు రెండు కుదుపులు, అంటే సెకనుకు 75కు పైనే. అందుకే టైరు బ్యాలెన్స్ తప్పు చేతికి ఊపులా, స్టీరింగ్ వణుకులా తెలుస్తుంది. షాఫ్ట్ తప్పు సీటు కింద, గేర్ లివర్‌లో గుర్‌ర్‌మనే మోతలా తెలుస్తుంది. మీది ఏ రకమో మీరు రాయలేదు.

ఖాళీ రోడ్డు మీద 80లో యాక్సిలరేటర్ వదిలి చూడండి, మళ్లీ మెల్లగా నొక్కి చూడండి. వణుకు మారితే పినియన్ కోణమో బుష్‌లో లూజో. ఏమీ మారకపోతే టైర్లు, రిమ్‌లు. మీది పార్ట్‌టైమ్ కాబట్టి ముందు షాఫ్ట్ పూర్తిగా తీసేసి 2హెచ్‌లో (వెనక చక్రాల శక్తితోనే) నడపడం అన్నిటికన్నా తేటతెల్లమైన పరీక్ష. వణుకు పోతే దొంగ ముందు షాఫ్టే, పోకపోతే వెనకకు పదండి. ఫుల్‌టైమ్ బండైతే ఈ పని చేయొద్దు. తీసేటప్పుడు షాఫ్ట్ చివర జారి ట్రాన్స్‌ఫర్ కేసులోంచి బయటికి వచ్చే రకమైతే ఆయిల్ కారుతుంది, అదీ చూసుకోండి.

తీసే ముందు షాఫ్ట్ రెండు ముక్కల మీదుగా, ఫ్లాంజ్‌ల మీదుగా సుద్దతోనో పెయింట్ మార్కర్‌తోనో గీత పెట్టండి. నా వణుకు గుట్టు ఇక్కడే రట్టయింది. కిట్ వేసినప్పుడు షాఫ్ట్‌ను మధ్యలో స్ప్లైన్ల దగ్గర విడదీసి, ఒక పన్ను పక్కకు పెట్టి కలిపారు. షాఫ్ట్‌ను బల్ల మీద దొర్లించి ఒక చివర నుంచి చూస్తే రెండు యోక్‌ల (క్రాస్ జాయింట్‌ను పట్టే చివరల) చెవులు ఒకే గీతలో లేవు. అప్పటిదాకా టైర్లు బ్యాలెన్స్ చేయిస్తూనే ఉన్నాను. ఒక జాయింట్ పుట్టించే కుదుపును రెండో జాయింట్ రద్దు చేయాలంటే రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి, రెండు చివరల కోణాలూ సమానంగా ఉండాలి. చెవులు సరిగా ఉంటే యాంగిల్ గేజ్ పెట్టి ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజ్ మూడూ కొలవండి. మామూలు షాఫ్ట్‌కు ట్రాన్స్‌ఫర్ కేసూ పినియనూ సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపు. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాస్ జాయింట్లు పక్కపక్కనే కలిసినది) ఉన్న షాఫ్ట్‌కు లెక్క వేరు, పినియన్ ముక్కు దాదాపు నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి.

డ్యాంపర్ గురించి మీ మెకానిక్ పూర్తిగా తప్పని అనను. పార్టులన్నీ బాగున్న బండికి అది మంచిదే. కానీ పాన్‌హార్డ్ లూజు, కింగ్‌పిన్ బేరింగులో లూజు, టైర్ బ్యాలెన్స్ తప్పు, వీటిని అది దాచిపెడుతుంది అంతే. దాచి ఉంచిన లూజు ఒకరోజు గుంతలో పడ్డాక ముందు యాక్సిల్ మొత్తం విలవిల్లాడే డెత్ వాబుల్‌గా బయటపడుతుంది. అలా జరిగితే గట్టిగా బ్రేక్ కొట్టకుండా వేగం తగ్గించుకుంటూ పక్కకు ఆపండి.

మిగతావి గబగబా. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు లాగుకుంటున్నాయేమో చూడండి. డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు (లోపలి గాలి వదిలే పైపు) ఊడిందేమో చూడండి, ఊడితే నీళ్లలో దిగిన రోజు ఆయిల్ పాలలా మారుతుంది. వెనక యాక్సిల్‌కు లింకుతో పనిచేసే బ్రేక్ వాల్వ్ ఉంటే, లేచిన బండిని అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేక్ తగ్గిస్తుంది, దాని లింకు సరిచేయాలి. హెడ్‌లైట్లు దించండి. టైరు వ్యాసం దాదాపు 6 శాతం పెరిగింది కాబట్టి మీటర్ 80 చూపితే బండి ఇంతకు ముందు 80కన్నా నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువలో పోతోంది. ఈ పని అంతా అయ్యాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూడండి.

మీ అలైన్‌మెంట్ షీట్‌లో కాస్టర్ అంకె, షాఫ్ట్ రెండు చివరల కోణాలు, వణుకు చేతికి తెలుస్తోందా సీటుకా అన్నది రాయండి. ఆ మూడూ ఉంటే కాస్టర్ ఎంతదాకా పెంచుకోవచ్చో చూసి చెప్తాను.