ఐటీఐ ఎలక్ట్రానిక్స్ అయ్యాక శ్రీసిటీ ఉద్యోగానికి వెళ్లొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: బరంపురంలో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ అయింది, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఆపరేటర్ పని వచ్చింది, వెళ్తే ఎదుగుదల ఉంటుందా అని. వెళ్లండి. కానీ ఏ లైన్‌లో వేస్తారో ముందే కనుక్కోండి.

స్క్రూలు బిగించే ఫైనల్ అసెంబ్లీలో వారానికే చేయి తిరుగుతుంది, ఆపైన నేర్చుకునేది తక్కువ. ఎస్‌ఎంటీ లైన్, అంటే సర్క్యూట్ బోర్డు మీద చిన్న చిన్న భాగాలను యంత్రాలతో అతికించే లైన్, అలా కాదు. బోర్డు మీద సోల్డర్ పేస్ట్ పూసే పేస్ట్ ప్రింటర్, భాగాలను పెట్టే పిక్ అండ్ ప్లేస్, పేస్ట్‌ను కరిగించి అతికించే రీఫ్లో ఓవెన్, కెమెరాతో లోపాలు పట్టే ఏఓఐ అన్నీ అక్కడే. టెక్నీషియన్, ఆపైన ప్రాసెస్ పనులకు దారి అదే.

అందులోనూ ముందు ప్రింటింగ్ మీద పట్టు తెచ్చుకోండి. లోపాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. సోల్డర్ పేస్ట్‌ను సాధారణంగా ఫ్రిజ్‌లో 2 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచుతారు. బయటికి తీశాక మూత తెరవకుండా సుమారు 4 గంటలు వదిలేయాలి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలో తేమ పేస్ట్‌లో చేరి, ఓవెన్‌లో చిట్లి సోల్డర్ పూసలుగా చిమ్ముతుంది. పేస్ట్ పూసే రంధ్రాల రేకు, అంటే స్టెన్సిల్, అడుగు సరిగా తుడవకపోతే పక్కపక్క పిన్నులు కలిసిపోతాయి. 0402 అనే సైజు రెసిస్టర్ పొడవు 1 మి.మీ., వెడల్పు అర మి.మీ. దాన్ని అతికించే రెండు ప్యాడ్ల (బోర్డు మీది రాగి బిళ్లల) మీద పేస్ట్ సమానంగా పడకపోతే, ముందు కరిగిన వైపు లాగేసి ముక్క నిటారుగా లేచి నిలబడుతుంది. దాన్నే టూంబ్‌స్టోన్ అంటారు.

ఐటీఐల్లో ఎక్కువగా వాడే టిన్-లెడ్ 63/37 తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది. ఫ్యాక్టరీల్లో వాడే, సీసం లేని (లెడ్-ఫ్రీ) ఎస్‌ఏసీ305 సోల్డర్‌కి 217 దాటాలి, ఓవెన్ పీక్ 235-250 ఉంటుంది. దీని జాయింట్ అంతగా మెరవదు. మసకగా ఉందని కోల్డ్ జాయింట్ (సరిగా అతకని జాయింట్) అనుకుని మళ్లీ మళ్లీ కాలిస్తే ప్యాడ్ ఊడిపోయి బోర్డు పాడవుతుంది. రీవర్క్‌లో, అంటే లోపమున్న బోర్డును చేత్తో సరిచేసే పనిలో, కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఒంట్లోని స్టాటిక్ కరెంటు భాగాలను పాడుచేయకుండా మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్ చొక్కా మీద కాదు, చర్మానికి ఆని ఉండాలి. షిఫ్ట్ మొదట్లో టెస్టర్ మీద చూసుకోండి.

బోర్డు అసెంబ్లీ ఎలా ఉంటే ఒప్పుకోవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐపీసీ-ఏ-610. కంపెనీ దాని శిక్షణ ఇస్తానంటే వదలొద్దు. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, ఇంకో కంపెనీకి మారినా పనికొస్తుంది.

ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) ఐటీఐ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది కాబట్టి ఒడిశా ఐటీఐ అని జంకక్కర్లేదు. శ్రీసిటీలో తెలుగుతో నెట్టుకురావచ్చు, చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకైతే తమిళం పట్టుకోవాలి. పని సూచనలు చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటాయి, చదవడం అలవాటు చేసుకోండి.

చేరేముందు ఆఫర్ లెటర్ ఇచ్చింది కంపెనీయా, కాంట్రాక్టరా చూడండి. కాంట్రాక్టరైతే పర్మనెంట్ ఎప్పుడు, ఎలా చేస్తారో, హాస్టల్, బస్సు డబ్బులు జీతంలో కోస్తారో లేదో కాగితం మీద అడగండి. కంపెనీ మారినా మారని పీఎఫ్ ఖాతా నంబరు, అంటే యూఏఎన్, మొదటి నెలలోనే తీసుకోండి.