శుక్లం ఆపరేషన్ బాగా జరిగిందన్నా అక్షరాల పక్కన నీడ ఎందుకు?

నాన్నగారికి శుక్లం ఆపరేషన్ అయి రెండు నెలలైంది, డాక్టరు అంతా బాగుందంటున్నారు, ఆయనకేమో ప్రతి అక్షరం పక్కన ఇంకో అక్షరం నీడలా కనిపిస్తోంది, ఆపరేషన్ ఫెయిలైనట్టేనా అని అడిగారు. కాదండీ. చాలాసార్లు అది మిగిలిపోయిన సిలిండర్ పవర్, అంటే కంటి పైభాగం వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే పవర్. మా అమ్మకి అచ్చం ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మ పొద్దున్నే పేపరు చదవనిదే వంటింట్లోకి వెళ్ళదు. ఆపరేషన్ తర్వాత రంగులు భలే తెలుస్తున్నాయని సంబరపడింది, హెడ్డింగులు చదివేది, కింద వార్త దగ్గరికొచ్చేసరికి పేపరు పక్కన పెట్టేసేది. "ప ఏదో ఫ ఏదో తెలియట్లేదురా, ఒత్తులన్నీ పక్కకి పాకినట్టున్నాయి" అనేది. మన లిపిలో ఆ చిన్న గీతలు చెదిరితే మాటే మారిపోతుంది కదా. రాత్రి ఆటోలో వస్తుంటే ఎదురు లైట్లు చారలు చారలుగా సాగుతున్నాయని కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆపరేషన్ చేసిన చోట అడిగితే "వయసు కదమ్మా, అలవాటవుతుంది" అన్నారు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చివరికి మా ఊళ్ళో కళ్ళద్దాల షాపులో ఉండే ఒక పెద్దాయన పట్టుకున్నాడు. ముందు సన్నటి చిల్లు ఉన్న నల్ల బిళ్ళ కంటికి అడ్డం పెట్టి చదవమన్నాడు. అప్పటిదాకా కనపడని కింది వరసలు గడగడా చదివేసింది. చిల్లులోంచి చూస్తే చూపు మెరుగైందంటే లోపం ఎక్కువగా పవర్‌దే, నరానిది కాదన్నాడాయన. తర్వాత ట్రయల్ ఫ్రేములో సిలిండర్ అద్దం వేసి మెల్లగా తిప్పుతూ ఉంటే అమ్మ ఒక్కసారిగా "ఆగు బాబూ, అక్కడే ఉంచు, నీడ వెళ్ళి అక్షరంలో కలిసిపోయింది" అంది. చీటీ మీద 1.75 సిలిండర్, యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో) 90 అని రాశాడు.

సంగతేమిటంటే ఆపరేషన్‌లో మార్చేది లోపలి లెన్సుని. పైనున్న నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే మామూలు లెన్సు దాన్ని సరిచేయదు. పైగా కోత వల్ల కూడా ఆ వంపు కొంచెం మారుతుంది, మెషిన్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి లాగేసే ఫేకోలో కోత 3 మిల్లీమీటర్ల లోపే, చేత్తో చేసే పద్ధతిలో 6, 7 దాకా ఉంటుంది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. ఆపరేషన్‌కి ముందే మెషిన్ మీద ఆ వంపు కొలుస్తారు, కాగితం కూడా వస్తుంది, కానీ మన చేతికిచ్చేది బిల్లు. కౌంటర్ దగ్గర "ఇండియన్ లెన్సా, ఫారిన్ లెన్సా" అని అడుగుతారు తప్ప సిలిండర్ ఇంత ఉంది, టోరిక్ లెన్సు వేస్తే పోతుంది అని మాకెవరూ చెప్పలేదు. మదురైలో ఆరోల్యాబ్ 1992 నుంచి లెన్సులు చేసి బయటి దేశాలకీ పంపుతోంది, ఇంకా ఈ ఫారిన్ మోజేమిటి? సిలిండర్ ఉన్న కంట్లో దాన్ని సరిచేయకుండా దూరం, దగ్గర రెండూ కనపడేలా చేసే ఖరీదైన మల్టీఫోకల్ లెన్సు వేస్తే మామూలు లెన్సు కంటే ఎక్కువ ఇబ్బంది పడతారు.

మీవాళ్ళకి టోరిక్ వేసి ఉంటే మాత్రం అది లోపల తిరిగిందేమో చూడమనండి. 10 డిగ్రీలు తిరిగితే ప్రయోజనంలో మూడో వంతు పోతుంది, 30 తిరిగితే మొత్తం పోతుంది. తొందరగా పట్టుకుంటే మళ్ళీ సరిచేయొచ్చు.

మామూలు లెన్సైతే అద్దాలు చాలు. బజార్లో రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు కొనకండి, వాటిలో సిలిండర్ ఉండదు. లెన్సు వెనక పొర పట్టినా మసక వస్తుంది, దానికి లేజర్ వేరే ఉంది, కాబట్టి డాక్టరు చేత అది కూడా చూపించండి. నొప్పి, ఎరుపు ఉన్నా, చూపు ఉన్నట్టుండి తగ్గినా ఇవేవీ ఆలోచించకుండా అదే రోజు వెళ్ళిపోండి.

రెండో కన్ను ఇంకా చేయించలేదంటే, డేటు ఇచ్చేముందు ఆ కొలతల కాగితం అడిగి తీసుకుని సిలిండర్ ఎంతుందో మీరే డాక్టరు చేత చెప్పించుకోండి.