పక్కింటి పిన్ని ఐదు స్టార్లు ఇచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఈ నెల ఉత్తరాల్లో సగం పుస్తకాల గొడవే. బెజవాడ పుస్తకాల పండగ అయిపోయాక ఓ రెండు నెలలు అటు ఇటు అందరికీ రచయితలైపోవాలనిపిస్తది అనుకుంటా, తప్పేం లేదు లెండి. వచ్చినవాటిల్లో ఓ నాలుగు ఇక్కడ.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్లో లెక్కలు రాస్తా, రాత్రిళ్ళు కథలు రాస్తా. నాలుగేళ్ళు కూర్చుని 400 పేజీల ఫాంటసీ నవల రాశా, ఇది మొదటి భాగం, కృష్ణలో మునిగిపోయిన ఒక రాజ్యం, దానికి కాపలాగా ఓ ముసలి తాబేలు, అలా పోతది కథ. పబ్లిషర్లు ఎవరూ తీసుకోకపోతే సొంత డబ్బుతో 500 కాపీలు వేయించా, 140 పోయినయ్. ఆన్‌లైన్లో 11 రివ్యూలు వచ్చినయ్, అందులో తొమ్మిది మా బాబాయిలు, పక్కింటి పిన్ని, కొట్లో ఫ్రెండ్స్. మొన్న చూస్తే ఆరు మాయం. తెలియనివాళ్ళని రాయమని అడగాలంటే అడుక్కున్నట్టు ఉంటది. అసలు ఈ రివ్యూలు అంత ముఖ్యమా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఆరింటి సంగతి. రచయిత ఇంట్లోవాళ్ళు, దగ్గరి స్నేహితులు రాసిన రివ్యూలు ఒప్పుకోం అని చాలా సైట్ల రూల్స్‌లోనే ఉంటది, అమెజాన్ కూడా అదే అంటది. కాబట్టి నీ మీద ఎవరో కక్ష కట్టి తీసేశారని రాత్రిళ్ళు మేలుకుని ఆలోచించకు. అయినా సంబంధం వచ్చినప్పుడు పిల్లాడి గురించి వాళ్ళ మేనమామని ఎవరన్నా అడుగుతారా? ఆ వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడుగుతారు, ఎందుకంటే ఆయనకి లాభమూ లేదు నష్టమూ లేదు. మీ పిన్ని మంచిదే, ఐదు స్టార్లిచ్చి "సూపర్ నాన్నా" అని రాసింది, కానీ ఆ "నాన్నా" దగ్గరే దొరికిపోయావు నువ్వు.

ముఖ్యమా అన్నావు కదా. బెజవాడ బుక్ ఫెయిర్ ఇంకా స్వరాజ్ మైదానంలో జరిగే రోజుల్లో ఓ స్నేహితురాలి స్టాల్లో రెండు సాయంత్రాలు కూర్చున్నా, ఊరికే కాలక్షేపానికి. కాలేజీ పిల్ల ఒకమ్మాయి వచ్చింది, చేతిలో మొక్కజొన్న పొత్తు, అది ఎడమ చేతిలోకి మార్చుకుని నీలాంటివాడే ఎవరో సొంతంగా వేసుకున్న మాంత్రికుల నవల ఒకటి తీసింది. అట్ట చూసింది, వెనక్కి తిప్పింది, వెనక "అద్భుతం, అపూర్వం" అని నాలుగు లైన్లున్నాయి, అవి చదవను కూడా చదవలా. మధ్యలో ఎక్కడో తెరిచి నిలబడే అర పేజీ చదివింది, వెల చూసింది, కింద పెట్టింది, రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి స్టాల్లో కుర్రాడిని "ఎలా ఉంటది ఇది?" అనడిగింది. వాడు నిజం చెప్పాడు, "నేను చదవలేదక్కా, కానీ నిన్న ఒకాయన వచ్చి దీని రెండో భాగం ఉందా అనడిగాడు, రాలేదంటే ఇంకెప్పుడు వస్తదిరా బాబూ అని తిట్టుకుంటా పోయాడు". అంతే, పర్సు తీసింది. ఆ పెద్దాయన స్టార్లు ఇవ్వలేదు, బాగుందని కూడా అనలేదు. కానీ డబ్బు పెట్టి కొని, చివరిదాకా చదివి, మిగతాది కావాలనుకున్న మనిషి ఒకడున్నాడని ఆ పిల్లకి తెలిసింది.

ఫాంటసీకి ఇది మిగతా పుస్తకాలకంటే ఎక్కువ అవసరం, ఎందుకో చెప్తా. సంసారం కథో క్రైం కథో అయితే జనానికి ఓ అంచనా ఉంటది, నీది అలా కాదు, 400 పేజీలు, తెలియని ఊళ్ళు, తెలియని దేవుళ్ళు, పైగా మొదటి భాగం. చదివేవాడికి భయాలు ఉంటాయి, ఇది పిల్లల జానపదమా పెద్దలదా, పేర్లు గుర్తుంటాయా, వీడు రెండో భాగం రాస్తాడా మధ్యలో గంగలో దింపి పోతాడా అని. వీటికి నువ్వు జవాబు చెప్తే యాడ్ అంటారు. ముందు చదివినవాడు చెప్తే నమ్ముతారు.

చదివినవాళ్ళే పుస్తకాన్ని నిలబెట్టడం మన దగ్గర కొత్తేం కాదు. చందమామలో 1950ల నుంచి ఏళ్ళ తరబడి వచ్చిన జానపద సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, మీ గుంటూరు జిల్లా మనిషే. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. మా ఇంట్లో మా అమ్మ, ఇద్దరు మావయ్యలు నెల మొదట్లో చందమామ కోసం కొట్టుకునేవాళ్ళంట, రాసిందెవరో ఒక్కరికీ తెలియదు. తర్వాత పెద్దవాళ్ళయిన పాఠకులే తవ్వి, ఈ కథలు ఈయనవి అని రాసుకుని, చెప్పుకుని, పట్టుబట్టి పుస్తకాలుగా తెచ్చారు. ఆయన 2010లో పోయారు, ఆ పుస్తకాలన్నీ కళ్ళారా చూసుకునేదాకా లేరు, అదొక్కటే బాధ.

బయట దేశాల్లో సంగతి కూడా ఒకటి చెప్తా. మార్క్ లారెన్స్ అనే ఫాంటసీ రచయిత 2015లో సొంతంగా అచ్చేసుకున్న ఫాంటసీ నవలలకి ఓ పోటీ మొదలుపెట్టాడు. 300 దాకా పుస్తకాలు, రివ్యూలు రాసే జట్లు పది, ఒక్కో జట్టు ముప్పై దాకా చూసి ఒకటి ఫైనల్‌కి పంపాలి. 2016 పోటీకి జోసయా బాంక్రాఫ్ట్ అనే ఆయన నవల వెళ్ళింది, ఫైనల్‌కి కూడా రాలేదు. కానీ లారెన్స్ దాన్ని చదివి, తెగ నచ్చి, నాకింత బాగా నచ్చిందని రాశాడు. 2018లో ఆ నవలని పెద్ద పబ్లిషర్ మళ్ళీ వేశారు. బహుమతి రాని పుస్తకానికి ఒక పాఠకుడు దొరికాడు అంతే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. మిగిలిన 360 కాపీల చివరి పేజీలో ఓ చిన్న స్టిక్కర్ అంటించు, "ఇంతవరకూ వచ్చారు కదా, ఏమనిపించిందో రెండు ముక్కలు రాయండి, నచ్చకపోయినా సరే" అని, కింద క్యూఆర్ కోడ్. చివరి పేజీలోనే ఎందుకంటే అక్కడిదాకా వచ్చినవాడికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటది. అడుక్కోవడం కాదు అది, హోటల్లో చేయి కడుక్కుంటుంటే "పప్పు ఎలా ఉందండి" అనడిగినట్టే. తర్వాత బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి ఓ కాపీ ఇవ్వు. ఇలాంటివి ఇష్టపడి చదివే తెలియనివాళ్ళు ఓ పదిమందిని వెతికి ఉచితంగా పంపు, కానీ రివ్యూ రాస్తేనే అని షరతు పెట్టకు, పదిమందిలో ముగ్గురు రాస్తే సంతోషించు. శివుడి మీద నవలలు రాసిన అమీష్ తన మొదటి నవలకి, 2010లో, మొదటి అధ్యాయం విడిగా అచ్చేసి షాపుల్లో ఊరికే పంచాడు, అది నీకు కూడా ఖర్చు తక్కువ పనే, బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లవాళ్ళని అడిగినా కౌంటర్ మీద పెట్టనిస్తారేమో అడిగి చూడు. ఇంకోటి, తాబేలు సంగతి నాకు నచ్చింది, ఓ కాపీ నేను కొంటా, ఉచితంగా పంపొద్దు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని, విజయవాడ పటమట. నా పాత స్టూడెంట్ ఒకడు మంత్రాల నవల రాసి తెచ్చిచ్చాడు. 40వ పేజీలో ఈ మంత్రం ఒకసారి వాడితే మూడేళ్ళ ఆయుష్షు పోతుందన్నాడు. పుస్తకం అయ్యేలోపు హీరో 11 సార్లు వాడాడు, నేను లెక్కపెట్టాను. 33 ఏళ్ళు పోవాలి కదమ్మా, వాడు నవనవలాడుతూ పెళ్ళి చేసుకున్నాడు. రివ్యూ రాయమని అడుగుతున్నాడు. నిజం రాస్తే పిల్లాడు నొచ్చుకుంటాడు, అబద్ధం రాయడం నాకు చేతకాదు.

జవాబు: మాస్టారూ, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి. మీరు ఇప్పుడు నాకు రాసిందే రివ్యూ, ఇంకేం కలపక్కర్లేదు. ఫాంటసీలో ఏదైనా జరగొచ్చు అంటారు గానీ అది తప్పు, రాసినవాడు ఏ రూల్ పెడితే ఆ రూల్‌కి వాడే కట్టుబడాలి, లేకపోతే హీరోకి ప్రమాదం వచ్చినా చదివేవాడికి గుండె కొట్టుకోదు. మంత్రం ఖరీదు మాఫీ అయిపోయిందని తెలిసిపోయింది కదా.

కానీ ఆ పుస్తకాన్ని మీరు చివరిదాకా చదివారు, పైగా 11 సార్లు లెక్కపెట్టేంత శ్రద్ధగా. అంటే ఏదో పట్టుకుంది మిమ్మల్ని. అది కూడా రాయండి. నేనైతే ఇలా రాస్తా: "మొదటి సగం రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టింది. ఏరు దాటే సీను రెండుసార్లు చదివాను. మంత్రానికి మూడేళ్ళ ఆయుష్షు అని చెప్పి 11 సార్లు వాడించి హీరోకి ఒక్క వెంట్రుక కూడా నెరవనియ్యలేదు, అక్కడ నమ్మకం పోయింది. బలి సీను ఒకటుంది, చిన్నపిల్లలకి వద్దు. కథ ఈ భాగంలో పూర్తవదు." రాత్రి పన్నెండు, ఏరు దాటే సీను, బలి సీను, పూర్తవకపోవడం నేను కల్పించినవి, మీ పుస్తకంలో ఏముంటే అది పెట్టుకోండి, ముగింపు మాత్రం బయటపెట్టకండి. స్టార్లు మూడిస్తారో నాలుగిస్తారో మీ ఇష్టం, నిజం చెప్పాలంటే నేను కొనేటప్పుడు ఐదు స్టార్లవి వదిలేసి మూడు స్టార్లవే చదువుతా, అసలు విషయం అక్కడే ఉంటది.

వేసేముందు ఓసారి మీ స్టూడెంట్‌కి ఫోన్ చేసి చెప్పండి, మీ చేతులమీదుగా పెరిగిన పిల్లాడు కాబట్టి. రివ్యూలో "ఇతను నా పాత విద్యార్థి" అని ఒక ముక్క పెట్టండి, చదివేవాడికి తెలియాలి కదా. దగ్గరివాళ్ళని ఒప్పుకోని సైట్ అయితే అక్కడ వద్దు, ఇలాంటి పత్రికకి రాయండి, లేదా ఆ లెక్క కాగితం వాడికే ఇవ్వండి, రెండో ముద్రణలో దిద్దుకుంటాడు.

ప్రశ్న: మంగళగిరి నుంచి రాస్తున్నా. వాట్సాప్‌లో ఒకడు 4,000 రూపాయలకి 50 రివ్యూలు పెట్టిస్తానంటున్నాడు. నా ఫాంటసీ సిరీస్‌కి పెట్టించుకోనా?

జవాబు: వద్దు. డబ్బిచ్చి కొన్న రివ్యూలు కుదరవని 2022లో మన బీఐఎస్ వాళ్ళు, అదే వస్తువుల మీద ఐఎస్ఐ మార్కు ఇచ్చేవాళ్ళు, ఐఎస్ 19000 అని ఆన్‌లైన్ రివ్యూలకి ఏకంగా ఓ స్టాండర్డే పెట్టారు, అమ్మే సైట్లు పట్టుకుంటే పుస్తకానికే ఎసరు. అదలా ఉంచు, వాళ్ళు నీ పుస్తకం చదవరు కదా, "నైస్ ప్రొడక్ట్, గుడ్ క్వాలిటీ" అని రాస్తారు, రాక్షసుల నవల కింద అది చూస్తే కుక్కర్ గాస్కెట్ అనుకుంటారు జనం. నీ పుస్తకం 250 అయితే ఆ డబ్బు 16 కాపీల వెల. చదివే 16 మందికి పంపు.

ప్రశ్న: నా నవలకి వచ్చిన మొట్టమొదటి రివ్యూ ఒక స్టార్. "పార్సిల్ తడిసి వచ్చింది" అని. కథ గురించి ఒక్క ముక్క లేదు. జవాబుగా నాలుగు పేరాలు టైప్ చేసి పెట్టుకున్నా, వేసెయ్యనా? సత్యనారాయణపురం, విజయవాడ.

జవాబు: డిలీట్ చెయ్యి బాబూ ఇప్పుడే. రచయిత రివ్యూ కింద గొడవకి దిగితే తర్వాత చదివేవాళ్ళు గొడవే చదువుతారు, కథ చదవరు. అది డెలివరీ గురించి గానీ పుస్తకం గురించి కాదని ఆ సైట్ వాళ్ళకి రిపోర్ట్ కొట్టు, తీస్తే తీస్తారు లేకపోతే లేదు. నువ్వే అమ్మి నువ్వే పంపిన కాపీ అయితే అడ్రస్ నీ దగ్గర ఉంటది కాబట్టి ఇంకో కాపీ పంపు, ఈసారి పాలిథిన్ కవర్లో చుట్టి.