బొమ్మల నాణేలు కొనబోతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

వియన్నాలో ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ చిత్రాల బంగారు నాణేలు అయిదూ ఒకేచోట దొరుకుతున్నాయి, కొనెయ్యమంటావా మామయ్యా అని అడిగావు. తొందరపడకు. ముందు ఒక్కటి కొను. అంతకంటే ముందు బెల్వెడేర్ మ్యూజియానికి వెళ్లి ‘ముద్దు’ చిత్రం ఎదుట కాసేపు నిలబడు. నిలువూ అడ్డం 180 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో ఒక జంట ఉంటుంది. అతని అంగీ నిండా నలుపు, తెలుపు దీర్ఘచతురస్రాలు, ఆమె బట్టల మీద గుండ్రటి పూలు. ఆ చిత్రాన్నే 2016లో ఆస్ట్రియా టంకశాల 22 మిల్లీమీటర్ల బిళ్ల మీదికి తెచ్చింది. దాదాపు మన రూపాయి బిళ్లంత! రంగు లేదు కాబట్టి చెక్కేవాడికి ఎత్తుపల్లాలు, మెరుపు, మసక మాత్రమే ఆధారం. షాపులో భూతద్దం అడిగి ఆ గళ్లూ ఆ పూలూ విడివిడిగా తెలుస్తున్నాయేమో చూడు. నీ కన్ను అలా తయారవ్వాలి.

వెండి మీద రంగుల బొమ్మ ముద్రించినవి కూడా చూపిస్తారు. నాకవి నచ్చవు. అందులో చెక్కినవాడి చెయ్యి కనపడదు.

ఈ క్లిమ్ట్ బంగారు నాణేల వరుస 2012 నుంచి 2016 దాకా ఏటా ఒకటి చొప్పున వచ్చింది, ఒక్కో రకం 30,000 నాణేలు మాత్రమే చేశారు. ప్రతిదాంట్లో మేలిమి బంగారం 10 గ్రాములు. కలిపిన వేరే లోహంతో సహా త్రాసులో 10.14 గ్రాములు తూగాలి. కొనే రోజు బంగారం రేటు కట్టి చూడు, పైన అడిగేదంతా బొమ్మకూ అరుదుకూ ఇచ్చే డబ్బు. డబ్బా, సర్టిఫికెట్ లేకపోతే గట్టిగా బేరమాడు.

కొన్నాక నాణెం ఉండే ప్లాస్టిక్ డబ్బీ (క్యాప్సూల్) తెరవకు. మీ అత్తయ్య వెండి కుందులు విభూతితో తోముతుంటే, నేనూ ఒక వెండి ప్రూఫ్ నాణేన్ని, అంటే సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు చేసినదాన్ని, అలాగే తోమాను. బొమ్మ చుట్టూ అద్దంలా ఉండే ఖాళీ భాగం మీద సన్నటి గీతలు పడ్డాయి. పన్నెండేళ్లయింది, ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆ ఒక్కటీ ఏది అంటావా? 2015 నాటి ‘వైద్యం’ తీసుకో. ‘ముద్దు’ను ఏ ఆదివారమైనా వెళ్లి చూడొచ్చు. వియన్నా విశ్వవిద్యాలయం పైకప్పు కోసం వేసిన ‘వైద్యం’ 1945లో ఇమ్మెన్‌డార్ఫ్ కోటలో కాలిపోయింది. ఫొటోలు, చిత్తు బొమ్మలే మిగిలాయి. చేతికి పాము చుట్టుకుని గిన్నె పట్టుకున్న ఆరోగ్య దేవత హైజియాను ఆ నాణెం మీద మళ్లీ చెక్కారు. అది కొన్న రోజున పక్క నుంచి లైటు పడేలా పెట్టి నాకో ఫొటో పంపు.

ఆశీస్సులతో,
మామయ్య