అల్లుడూ, సీటు సంగతి చివర్లో చూద్దాం

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, వాడు మళ్ళీ రేసింగ్ అంటున్నాడు తమ్ముడూ నువ్వైనా చెప్పు అని ఒకటే ఏడుపు, వెళ్ళమని చెప్పాలో వద్దని చెప్పాలో ఆవిడకే తెలీదు. నేనైతే వద్దనను. కోయంబత్తూరు గ్యారేజీల్లో పదకొండేళ్ళు గేర్‌బాక్సులు విప్పినోణ్ణి, అందులో ఆరేళ్ళు పొద్దున్నే క్వార్టర్ పడితేగానీ స్పానర్ పట్టిన చెయ్యి వణుకు ఆగేది కాదు. ఈ ముక్క మీ అమ్మకి పూర్తిగా తెలీదు, నువ్వు చెప్పకు.

నువ్వు డీఅడిక్షన్ సెంటర్ నుంచి బయటికొచ్చి నాలుగు నెలలైంది. మెసేజ్‌లో మొదటి లైనే "మామయ్యా డిసెంబర్‌కి సీటు దొరుకుద్దా" అని, ఏదైనా టీమ్‌లో కారు తోలే చోటు గురించే పెట్టావు చూడు, అక్కడే భయమేసింది నాకు. సీటు కోసం మానేస్తే, స్పాన్సర్ చెయ్యిచ్చిన రోజు ఏం చేస్తావురా? ఆ రోజుకి ఇప్పుడే ఏదో ఒకటి ఆలోచించి పెట్టుకో.

అమెరికాలో షేన్ హ్మీల్ అని నాస్కార్ డ్రైవర్, నాస్కార్ అంటే అక్కడి పెద్ద కార్ రేసుల సంస్థ. నాన్నది కూడా అదే ఫీల్డు, కుర్రాడు మంచి స్పీడు. 2003లో డ్రగ్ టెస్ట్‌లో దొరికాడు, సస్పెండ్ చేసి మళ్ళీ రానిచ్చారు, 2005లో మళ్ళీ దొరికాడు, 2006లో మూడోసారి, ఇంక జీవితకాలం బ్యాన్. బైపోలార్ ఉందని ఆ తర్వాత గానీ తేలలేదు. అంటే అన్నేళ్ళూ మత్తు ఒక్కటే కనపడింది, లోపల జబ్బు ఎవరికీ పట్టలేదు. అందుకే సెంటర్ వాళ్ళ సర్టిఫికెట్‌తో ఆగకు, సైకియాట్రిస్ట్‌కి విడిగా చూపించుకో, నిద్ర పట్టట్లేదన్నావు కదా అది కూడా చెప్పు. ఆయన తర్వాత బాగుపడి చిన్న ఓవల్ ట్రాకుల మీద కింది నుంచి మళ్ళీ మొదలెట్టి గెలవడం కూడా మొదలెట్టాడు, 2010 అక్టోబర్‌లో క్వాలిఫయింగ్‌లో, అంటే రేసుకి ముందు ఎవరి వరస ఎక్కడో తేల్చే ల్యాపుల్లో, గోడకి కొట్టి మెడా వెన్నూ విరిగి వీల్‌చెయిర్‌లో పడ్డాడు. మత్తులో కాదు, అన్నీ మానేసి కుదురుగా ఉన్నప్పుడే. వీడు మారాడులే అని ట్రాక్ కనికరించదు, ఇది నీకు ముందే చెప్పకపోతే నేను మోసం చేసినట్టే.

ఇంకొకడు ఏజే ఆల్మెండింగర్. 2012 జులైలో డేటోనా రేసుకి కొన్ని గంటల ముందు ఆపేశారు, తెలిసినోడెవడో ఇచ్చిన టాబ్లెట్ ఓపిక కోసమని వేసుకున్నాడంట, అది ఆడెరాల్, ఒంటికి ఉత్తేజం తెప్పించే మందు. పెన్స్కే అనే ఓనర్ టీమ్‌లో సీటు పోయింది. నాస్కార్ వాళ్ళ రికవరీ ప్రోగ్రామ్ పూర్తి చేసి వచ్చాక 2013లో అదే పెన్స్కే ఇండీ 500 అనే పెద్ద రేసుకి కారిచ్చాడు, రేసులో లీడ్ కూడా చేశాడు, సీటు బెల్టు ఊడి పిట్‌కి, అంటే ట్రాక్ పక్కన కారు సరిచేసే చోటికి, రావాల్సొచ్చి ఏడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మరుసటి ఏడాది వాట్కిన్స్ గ్లెన్‌లో నాస్కార్ కప్ రేసు గెలిచాడు. దీంట్లో నువ్వు పట్టుకోవాల్సింది గెలుపు కాదురా, ఆ టాబ్లెట్. పిట్‌లో ఎవడేం ఇచ్చినా నోట్లో వేసుకోకు, దగ్గు సిరప్ అయినా సరే డాక్టర్‌ని అడిగాకే.

టాబ్లెట్ అంటే గుర్తొచ్చింది, ఇది రెండుసార్లు చదువు. నువ్వు వాడింది నల్లమందు జాతి నొప్పి మాత్రలు. నాలుగు నెలలు మానేశాక ఒంటికి ఆ అలవాటు పోతుంది, పాత డోసే కదా అని ఒక్కరోజు వేసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. ఇంకోటి, రేపు యాక్సిడెంట్ అయితే హాస్పిటల్‌లో నొప్పికి ముందు ఇచ్చేవి ఆ జాతి మందులే. అందుకని మెడికల్ ఫారంలో నీ చరిత్ర దాచకుండా రాయి, టీమ్ డాక్టర్‌కి నోటితో కూడా చెప్పు. సిగ్గుగా ఉంటుంది, ఉండనీ.

టీమ్ ఓనర్ దగ్గరికెళ్ళినప్పుడు వాళ్ళు అడక్కముందే నువ్వే చెప్పు, నెలనెలా నా ఖర్చుతో టెస్ట్ చేయించుకుంటానండి అని. ఏరన్ ఫైక్ అనే డ్రైవర్ హెరాయిన్‌తో 2007లో అరెస్టై, తర్వాత రేసు రోజున కూడా వాడేవాణ్ణని ఒప్పుకున్నాడు, ఆ మాటతో మిగతా డ్రైవర్లకి గుండె ఆగినంత పనైంది, 2009 నుంచి నాస్కార్‌లో ఎప్పుడు పడితే అప్పుడు టెస్టులు పెట్టారు. నీ పక్కన రెండు వందల్లో వచ్చేవాడికి నీ మీద అనుమానం ఉంటే తప్పు వాడిదా చెప్పు.

నాకు కష్టమైంది రేసు రోజు కాదు, మర్నాడు. రెండ్రోజులు హడావిడి, నిద్ర లేదు, సోమవారం గదిలో ఒక్కడివే, ఒళ్ళంతా దిగిపోయినట్టుంటది, అప్పుడే లాగుద్ది. ఆ రోజు ఒంటరిగా ఉండకు. నాకు చెయ్యి, మొహమాటమైతే 14446కి చెయ్యి, గవర్నమెంట్ హెల్ప్‌లైనే, డబ్బులేం తీసుకోరు. ప్రైజ్ మనీ మీ అమ్మ అకౌంట్‌లో పడేలా చూడు, కోపం తెచ్చుకోకు, నా జీతం నాలుగేళ్ళు మీ అత్తే తీసుకునేది.

డిసెంబర్ మర్చిపో. ముందు శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడికి కోయంబత్తూరు రా, చెట్టిపాళయం కరి ట్రాక్‌లో మార్షల్‌గా నిలబెడతా, జెండా పట్టుకుని ఎండలో రోజంతా నిలబడి వేరేవాళ్ళు తిరుగుతుంటే చూడాలి, చూడగలవో లేదో నాకూ తెలియాలి. టోపీ తెచ్చుకో. మజ్జిగ మీ అత్త కట్టిస్తుంది.

మామయ్య