గోడ కట్టిన పట్నాన్ని పట్టాలంటే కాటపల్ట్ వచ్చేదాకా ఆగాలా?

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆటలో మొదట్లోనే పక్క రాజ్యం మీదికి పోతే గోడ దగ్గర వారియర్లు, ఆర్చర్లు అందరూ చచ్చిపోతున్నారు, దూరం నుంచి రాళ్లు విసిరే కాటపల్ట్ వచ్చేదాకా ఆగడం మేలా అని ఒకరు అడిగారు. ఆగక్కర్లేదు. ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో ఆ వరస కుదిరితే గోడను బద్దలు కొట్టే దుంగ బండి, అంటే ఒక్క బ్యాటరింగ్ ర్యామ్‌తోనే పట్నం చేతికొస్తుంది.

ముందు లెక్క చూడండి. పట్నానికి 200 హెల్త్, గోడకు వేరే బార్. గోడ నిలబడి ఉన్నంతసేపు వారియర్ దెబ్బలో 15 శాతమే దానికి తగులుతుంది, ఆర్చర్ దెబ్బలో సగం తగులుతుంది. గోడ ఉన్న పట్నం రెండు గడుల దూరం దాకా తనే బాణాలు వేస్తుంది కూడా. మీ సైన్యం కరిగిపోతున్నది ఇందుకే. ర్యామ్ పట్నం పక్క గడిలోకి చేరితే, పట్నాన్ని ఆనుకుని ఉన్న వారియర్లు, స్పియర్‌మన్లు (ఈటెలవాళ్లు) అందరి దెబ్బా గోడకు పూర్తిగా తగులుతుంది. గుర్రాలకు మాత్రం ఆ లాభం లేదు. ర్యామ్ మేసన్రీ అనే విద్య నేర్చుకుంటే వస్తుంది. ముందే ఒక క్వారీ (రాతి గని) కట్టుకుంటే మేసన్రీ త్వరగా అయిపోతుంది.

అయితే చాలామంది ర్యామ్ రాగానే నేరుగా గోడ మీదికి పోతారు. చుట్టుముట్టడం దానికన్నా ముందు జరగాలి. గోడ దానంతట అది బాగుపడదు గానీ, పట్నం హెల్త్ మాత్రం టర్న్‌కు 20 చొప్పున తిరిగి వస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గడులన్నీ మన అదుపులోకి వస్తే అది ఆగిపోతుంది. అది చెయ్యకుండా కొట్టడమంటే, వచ్చే వాగుకు అడ్డం వెయ్యకుండా చెరువు ఎండగట్టాలని చూడటమే. పట్నం చుట్టూ ఆరు గడులున్నా దీనికి ఆరు యూనిట్లు అక్కర్లేదు. మైదానంలో ఉన్న పట్నానికి ఎదురెదురుగా ఇద్దరు వారియర్లను నిలబెడితే మిగతా నాలుగు గడులూ వాళ్ల జోన్ ఆఫ్ కంట్రోల్‌లోకి, అంటే పక్క గడుల మీద వాళ్లకుండే అదుపులోకి వస్తాయి. ఆర్చర్లకు ఆ అదుపు ఉండదు, కాబట్టి వాళ్లను ఈ లెక్కలో కలపకండి. మధ్యలో ఏరు ఉంటే అదుపు ఏరు దాటదు, అక్కడ మూడో మనిషిని పెట్టాల్సిందే. సముద్రాన్ని ఆనుకున్న పట్నమైతే నీటివైపు కూడా మూయాలి. అందుకే మొదటి యుద్ధానికి లోపలి పట్నాన్నే ఎంచుకోండి.

ఉదయగిరి కొండ ఎక్కిన మా నెల్లూరు జిల్లా వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1513లో కృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చినప్పుడు ఈ కోట దగ్గరే దాదాపు ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది. నిట్టనిలువు కొండ, ఎక్కడానికి సన్నటి దారులు. బండలు కొట్టించి సైన్యానికి దారులు వేయించాడు, కోటను విడిపించడానికి వచ్చిన సైన్యాన్ని వెనక్కి తరిమాడు, ఆ తర్వాతే కోట దక్కింది. దాని తర్వాత కందుకూరు, అద్దంకి వంటివి అంతకాలం నిలవలేదు. బయటి సైన్యాన్ని తేల్చకుండా కోట మీద చెయ్యి వెయ్యకూడదన్న సంగతి నాకు ఆటలో కన్నా ఆ కొండ మీద నిలబడి కిందికి చూసినప్పుడే బాగా అర్థమైంది.

కాబట్టి ఆటలోనూ వరస అదే. సరిహద్దు దాటగానే పట్నం వైపు పోకండి. దాని బాణాలు అందని దూరంలో, వీలైతే గుట్ట మీద వారియర్లను ఫోర్టిఫై చేసి (కదలకుండా కాపుకు నిలిపి), వెనక గడిలో ఆర్చర్లను పెట్టండి. కంప్యూటర్ తన సైన్యాన్ని మీ మీదికి పంపుతుంది, దాన్ని అక్కడే అరగదీయండి. ఒక్క గుర్రం ఉంటే దెబ్బతిని పారిపోయేవాళ్లను వెంటాడటానికి చాలా పనికొస్తుంది. బయట ఎవరూ మిగల్లేదనుకున్నాక చుట్టుముట్టండి, ఆ తర్వాత ర్యామ్‌ను బలమైన యూనిట్‌తో కలిపి ఒకే గడిలో దించండి. గోడ పడిపోయాక ఆర్చర్ల బాణాలు పట్నానికి మునుపటికన్నా ఎక్కువ తగులుతాయి, కానీ ఆర్చర్ పట్నాన్ని పట్టలేడు. చివరి దెబ్బకు మంచి హెల్త్ ఉన్న వారియర్‌ను దాచి ఉంచండి.

కంప్యూటర్‌తో కాక మనిషితో ఆడితే టెన్షన్ ఎక్కువ. సెలవులకు కావలి నుంచి మా బావమరిది వస్తే హాట్‌సీట్‌లో, అంటే ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడుకుంటాం. అతను సైన్యాన్ని బయటికి పంపడు. లోపల ఆర్చర్‌ను పెట్టి, గుర్రాలను పక్కన అడవిలో దాచి, నా ర్యామ్ ఒంటరిగా కనబడితే లాగేసుకుంటాడు. అందుకే ర్యామ్‌ను ఒక్క టర్న్ కూడా తోడు లేకుండా వదలను. ఇలాంటివాళ్ల మీదికి, ఆ గుర్రాలను ఆపడానికి స్పియర్‌మన్లు ఇద్దరినైనా తీసుకుపోవాలి.

కాటపల్ట్ చెడ్డదేమీ కాదు. కదిలిన టర్న్‌లో రాళ్లు వెయ్యలేదు, దాని దూరం పట్నం బాణాల దూరంతో సమానం, కాబట్టి మొదటి దెబ్బ తినేది అదే. కొండల మధ్య పట్నానికి, ఆనుకుని నిలబడటానికి చోటు లేనప్పుడు మాత్రం దానికోసం ఆగుతాను. ఆటకు అదనంగా వచ్చిన రైజ్ అండ్ ఫాల్ ఉంటే, పట్నం పట్టిన టర్న్‌లోనే గవర్నర్‌ను అక్కడికి పంపండి, ఒక యూనిట్‌ను లోపలే ఉంచండి. లేకపోతే పట్నానికి మీ మీద ఉండే లాయల్టీ (విధేయత) పడిపోయి తిరగబడొచ్చు.