అమ్మ కనిపిస్తోంది, మాట రావట్లేదు

ప్రశ్న: మా అమ్మ నరసన్నపేటలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇంటికి నాలుగు కెమెరాలు, వాటిని రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్, పెట్టించాను. ఫోన్‌లో అమ్మ కనిపిస్తుంది గానీ మాట రాదు. కెమెరా కింద నిలబడి చేతులూపుతుంది. తర్వాత ఫోన్ చేసి, “ఒరే, ఇందాక అన్నది ఇనబడిందేటి?” అని అడుగుతుంది. దసరాకి వెళ్లినప్పుడు ఒక కంప్యూటర్ మైక్ కొని, పిన్ను మార్చి, డీవీఆర్ వెనక ‘ఆడియో ఇన్’లో గుచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మైక్ పోయిందా, డీవీఆర్ పోయిందా?

జవాబు: రెండూ బాగానే ఉండి ఉంటాయి బాబూ. విజయనగరంలో గంటస్తంభం దగ్గర నా రిపేరు షాపుకి ఇలా ‘పోయిన’ మైకులు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్‌కి పెట్టి చూపిస్తే చక్కగా పలుకుతాయి. తెచ్చినవాళ్లు మొహమాటంగా నవ్వేసి జేబులో వేసుకుని పోతారు.

శ్రీరామనవమి పందిట్లో ఆంప్లిఫయర్ చూశారు కదా. మైక్ వైరు తీసి పాటలు పెట్టే ఆక్స్‌లో గుచ్చితే పంతులుగారు ఎంత అరిచినా ముందు వరసకే వినబడదు. మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, ఆక్స్‌కి అంతకు ఎన్నో రెట్లు కావాలి. మీ డీవీఆర్ ‘ఆడియో ఇన్’ కూడా ఆ ఆక్స్ లాంటిదే. పైగా కంప్యూటర్ మైక్‌కి కావలసిన కాస్త కరెంటూ కంప్యూటరే ఆ పిన్నులోంచి ఇస్తుంది. డీవీఆర్ ఇవ్వదు.

సీసీ కెమెరా సామాను అమ్మే కొట్లో ‘సీసీటీవీ మైక్’ అని అడగండి. చిటికెనవేలంత ఉంటుంది, ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. మూడు వైర్లు వస్తాయి. సాధారణంగా ఎరుపు 12 వోల్టులకి, నలుపు గ్రౌండ్‌కి, తెలుపో పసుపో ఆడియోకి. రంగులు మారుతుంటాయి, ప్యాకెట్ మీద బొమ్మ చూసుకోండి. ఆడియో వైరు, డీవీఆర్‌లో గుచ్చే ఆర్‌సీఏ పిన్ను మధ్య ముల్లుకి వెళ్లాలి. నలుపు మాత్రం రెండు చోట్లకి వెళ్లాలి: అడాప్టర్ నెగెటివ్‌కి ఒకటి, పిన్ను బయటి రింగుకి ఒకటి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

గోడలు మళ్లీ కొట్టించకండి. కెమెరాలకి 3+1 వైరు (వీడియోకి ఒకటి, పక్కనే మూడు సన్న వైర్లు) లాగి ఉంటే, కరెంటుకి రెండు పోగా మూడోది ఊరికే మడిచి ఉంటుంది. అది ఆడియోకి వాడుకోవచ్చు. కెమెరాల సప్లయ్ నుంచే మైక్‌కీ కరెంటిస్తే ఒక్కోసారి గుయ్యిమని మోత వస్తుంది. వస్తే మైక్‌కి విడిగా 12 వోల్టుల అడాప్టర్ పెట్టండి. ఇంటి కరెంటు వైర్ల పక్కనుంచి ఆడియో వైరు లాగొద్దు.

తర్వాత డీవీఆర్ మెనూలో ఆ కెమెరాకి ‘వీడియో’ అని ఉన్నచోట ‘వీడియో అండ్ ఆడియో’ చేయండి. రికార్డయ్యే మెయిన్ స్ట్రీమ్‌కి చేసి వదిలేయకండి. ఫోన్‌లో మామూలుగా వచ్చేది సబ్ స్ట్రీమ్, దానికీ మార్చాలి. హార్డ్ డిస్క్ నిండిపోతుందని టెన్షన్ వద్దు. సెకనుకి 64 కిలోబిట్ల లెక్కన ఒక మైక్‌కి రోజంతా కలిపి 700 ఎంబీ లోపే.

అయితే కొనేముందే కెమెరాల మోడల్ నంబర్లు ఒకసారి చూసుకోండి. కొన్నింటిలో మైక్ ముందే ఉంటుంది, వీడియో వెళ్లే కోయాక్సియల్ వైరు మీదే మాట కూడా వస్తుంది. డీవీఆర్ కూడా దానికి తగినదైతే మెనూలో ఆన్ చేస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు.

ఇంకో మాట. బొబ్బిలిలో మా చెల్లెలి ఇంటి వరండాలో నేనే మైక్ పెట్టాను. నా పనితనం నేనే మెచ్చుకున్నాను కూడా. సంగతి తెలిశాక, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే పక్కింటావిడ రావడం మానేసింది. నెల తిరక్కుండా మా చెల్లెలు పీకించేసింది. అందుకని ముందు మీ అమ్మగారిని అడగండి. వద్దంటే మానేయండి. సరేనంటే హాల్లో పెట్టండి, వీధి వైపు వద్దు.

బిగించాక ఆవిణ్ని వంటింట్లోంచి ఒకసారి పిలవమనండి. కుక్కర్ కూతే వినబడి ఆవిడ గొంతు రాకపోతే, మైక్‌ని ఆవిడ కూర్చునే కుర్చీ దగ్గరికి జరపండి.